ఫొటోలు పంచుకుంటే వెబ్‌సైటుకు లింకులు వస్తాయా? బెంగళూరు చెట్ల సైటు నడుపుతున్న దంపతులకు సమాధానం

నమస్కారం. మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పి సమాధానంలోకి వెళ్తాను. మీరూ మీ శ్రీమతీ బసవనగుడిలో ఉంటూ, ఆదివారాలు లాల్‌బాగ్‌లోనూ కబ్బన్ పార్కులోనూ చెట్లను పరిచయం చేసే నడకలు నిర్వహిస్తున్నారు. బెంగళూరు చెట్ల మీద, పాత ఇళ్ల మీద ఒక వెబ్‌సైటు కూడా నడుపుతున్నారు. మీ దగ్గర కొన్ని వేల ఫొటోలు ఉన్నాయి. వాటిని ఫ్లికర్, వికీమీడియా కామన్స్ (వికీపీడియా వాడుకునే ఉచిత ఫొటోల నిల్వ), అన్‌స్ప్లాష్, పింటరెస్ట్ వంటి చోట్ల ఉచితంగా పెడితే ఇతర సైట్ల నుంచి లింకులు వస్తాయా, ఏ లైసెన్సు ఎంచుకోవాలి, వాటర్‌మార్కు (ఫొటో మీద కనబడేలా వేసే పేరు ముద్ర) వేయాలా, పేరు వేయకుండా వాడుకున్నవారితో ఎలా మాట్లాడాలి అన్నవి మీ సందేహాలు. నేను కూడా బెంగళూరులోనే ఉంటూ చిన్న సంస్థల సైట్లకు ఇలా లింకులు తెచ్చే పని చాలా ఏళ్లుగా చేసిపెడుతున్నాను, కామన్స్‌లో ఫొటోలు కూడా ఎక్కిస్తుంటాను. అందుకని కొంచెం విపులంగానే రాస్తున్నాను.

లింకులు తప్పకుండా వస్తాయి. అయితే గూగుల్ వెతుకులాటలో మీ సైటు పైకి రావడానికి, మీరు ఫొటో ఎక్కించిన సైటు ఇచ్చే లింకుకు విలువ దాదాపు ఉండదు. ఆ ఫొటోను తన అవసరానికి తీసుకుని, దాని కింద మీ పేరూ మీ పేజీ చిరునామా వేసిన మూడో మనిషి నుంచే విలువైన లింకు వస్తుంది. ఫ్లికర్‌లో ఫొటో కింది వివరణలో మీ సైటు చిరునామా రాసుకోవచ్చు, కామన్స్‌లో ఫైలు పేజీలో రాసుకోవచ్చు, పింటరెస్ట్‌లో ప్రతి పిన్నుకూ ఒక చిరునామా తగిలించవచ్చు. ఇవన్నీ నోఫాలో గుర్తుతో, అంటే ఈ లింకును సిఫారసుగా లెక్కించవద్దని సెర్చ్ ఇంజన్లకు చెప్పే గుర్తుతో, వెళ్లే లింకులే. వ్యాఖ్యల్లో పెరిగిపోయిన స్పామ్‌ను అరికట్టడానికి 2005లో గూగుల్, యాహూ, ఎంఎస్‌ఎన్ కలిసి ఒప్పుకున్న గుర్తు ఇది. వికీపీడియా 2007 నుంచి తన బయటి లింకులన్నిటికీ దీన్ని వర్తింపజేస్తోంది. ఈ గుర్తును ఇకమీదట ఆజ్ఞగా కాక ఒక సూచనగా మాత్రమే పరిగణిస్తామని 2019 సెప్టెంబరులో గూగుల్ ప్రకటించింది నిజమే. అయినా ఫ్లికర్ వివరణల్లో వేలసార్లు ఒకే చిరునామా అతికించడం వల్ల మీ సైటుకు బలం చేకూరుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

అసలు దారి ఇలా ఉంటుంది. ఒక కళాశాల వృక్షశాస్త్ర విభాగం వారికో, వసంతంలో పూత మీద వ్యాసం రాస్తున్న పత్రిక వారికో, పిల్లల కోసం ప్రకృతి పాఠాలు తయారుచేస్తున్న ఉపాధ్యాయురాలికో ఒక ఫొటో కావలసి వస్తుంది. వారు వెతికినప్పుడు మీ ఫొటో కనిపించాలి. దాన్ని వాడుకోవడానికి అనుమతి ఉందని అక్కడికక్కడే తెలియాలి. ఆ అనుమతికి షరతు మీ పేరూ చిరునామా వేయడమేనని తెలియాలి. పేరూ చిరునామా ఉన్న ఆ క్రెడిట్ వరుస కాపీ చేసుకోవడానికి సిద్ధంగా ఉండాలి. చివరిగా, ఆ చిరునామా నొక్కినవారికి ఆ చెట్టు గురించి చదవదగిన పేజీ దొరకాలి. ఈ ఐదింటిలో ఏ ఒక్కటి తప్పినా లింకు రాదు. ఫొటో ఎంత అందంగా ఉన్నదన్నది వీటి తరువాతి మాట.

కాబట్టి మొదటి ప్రశ్న ఏ సైటులో పెట్టాలన్నది కాక, ఏ ఫొటోలు పెట్టాలన్నది కావాలి. సాయంత్రపు వెలుగులో విధానసౌధ, పూలతో నిండిన లాల్‌బాగ్ గాజుమేడ, కబ్బన్ పార్కు వెదురు పొదల మధ్య పడే ఎండ వంటివి ఎవరు తీసినా బాగుంటాయి, అందుకే ఇప్పటికే లెక్కకు మించి ఉన్నాయి. ఇంకొకటి చేరితే వెతికేవారికి ఒరిగేదేమీ లేదు. మీ దగ్గర ఉన్న అసలు సంపద వేరు. చెట్ల నడకలు చేసేవారు కనుక నిద్రగన్నేరు బెరడును దగ్గరగా తీసి ఉంటారు, దాని కాయను చీల్చి గింజలు కనబడేలా తీసి ఉంటారు, మబ్బు పట్టిన మధ్యాహ్నం ఆకులు ముడుచుకున్నప్పుడు ఒకటి, విచ్చుకున్నప్పుడు ఒకటి తీసి ఉంటారు. నాగలింగం పువ్వు ఫొటోలు ఎక్కడ చూసినా కనిపిస్తాయి గానీ, అదే కాయ నేల మీద పడి పగిలినప్పటి ఫొటో అంత తేలికగా దొరకదు. మామూలుగా చూసేవారికి ఇవి ఆకర్షణీయంగా కనబడకపోవచ్చు, పాఠం రాసేవారికి మాత్రం కావలసినవి ఇవే.

మన ఊరి నుంచే ఒక ఉదాహరణ చెబుతాను. ఏటా చలి తగ్గే రోజుల్లో బెంగళూరు గులాబీ రంగు పూలతో నిండిందని పత్రికలన్నీ రాస్తాయి. ఆ వ్యాసాల్లో లేత గులాబీ రంగుతో జనవరి నుంచి మార్చి దాకా పూసే టాబెబుయా రోజియాకూ, అంతకుముందే చలికాలంలో ముదురు రంగుతో పూసే మరో జాతి టాబెబుయాకూ తేడా చూపించినవి అరుదు. రెండింటి పూలనూ, ఆకులనూ, బెరడునూ ఒకే పేజీలో పక్కపక్కన పెట్టి, ఏది ఏ నెలలో ఏ వీధిలో చూడవచ్చో రాస్తే, ఆ పేజీని ఉటంకించక తప్పని పరిస్థితి చాలామందికి ఎదురవుతుంది. మీరు పంచే ఫొటో ఆ పేజీకి దారి చూపే గుర్తు అవుతుంది. ఒక అందమైన పూల కొమ్మ ఫొటో మాత్రమే పెట్టి ఊరుకుంటే, దాన్ని వాల్‌పేపరుగా దింపుకునేవారు ఉంటారు గానీ లింకు ఇచ్చేవారు ఉండరు.

ఉత్సవాల విషయంలో సమయం ముఖ్యం. మీ ఇంటి దగ్గరే, దొడ్డ బసవణ్ణ గుడి ముందు కార్తీకమాసం చివరి సోమవారం కడలెకాయి పరిషె (వేరుశనగకాయల జాతర) జరుగుతుంది. ఆ రోజు తీసిన ఫొటోలు ఆ రోజే ఎక్కించినవారు వందల మంది ఉంటారు. పత్రికలవారూ, యాత్రల సైట్లవారూ వ్యాసాలు సిద్ధం చేసుకునేది అంతకు రెండు మూడు వారాల ముందు. కాబట్టి నిరుటి ఫొటోలను, తేదీతో సహా, ఈ ఏటి పరిషెకు నెల ముందే చక్కటి పేజీగా అమర్చి, కామన్స్‌లోనూ పెట్టి ఉంచాలి. జనవరిలో గణతంత్ర దినోత్సవానికీ, ఆగస్టులో స్వాతంత్ర్య దినోత్సవానికీ లాల్‌బాగ్‌లో జరిగే పూల ప్రదర్శనలకూ ఇదే వర్తిస్తుంది.

పాత ఇళ్ల ఫొటోలకైతే మరింత విలువ ఉంది. బసవనగుడిలో, మల్లేశ్వరంలో, రిచర్డ్స్ టౌన్‌లో కిటికీల పైన చెక్కపట్టీలతో ముందుకు పొడుచుకువచ్చి ఉండే మంకీ టాప్‌లు ఏటికేడు తగ్గిపోతున్నాయి. ఇంటి ముందు నుంచి ఒక ఫొటో అందరూ తీస్తారు. ఆ చెక్కపట్టీల అమరిక, రంగు పొరలు, కీలు బిగించిన తీరు కనబడేలా తీసినవి ఆర్కిటెక్చర్ విద్యార్థులకు కావాలి, ఇల్లు బాగుచేయించుకోవాలనుకునేవారికి కావాలి. ఆ ఇల్లు కూల్చేసిన తరువాత మీ ఫొటోకు ప్రత్యామ్నాయమే ఉండదు.

ఇక వివరణ గురించి. కెమెరా ఇచ్చిన అంకెల పేరుతో ఫైలును ఎక్కించి, కింద "బెంగళూరు అందాలు" అని రాస్తే, వెతికేవారికి అది దొరకదు. అదే ఫొటోకు ఇలా రాసి చూడండి: "నిద్రగన్నేరు, శాస్త్రీయ నామం సమనియా సమన్. ఎండిన కాయ నిలువుగా చీల్చినది, లోపలి గింజలు, జిగురు గుజ్జు కనిపిస్తున్నాయి. కబ్బన్ పార్కు, బెంగళూరు, ఏప్రిల్ నెల." ఇందులో ఉన్న ప్రతి మాటా ఎవరో ఒకరు వెతికే మాటే. కానుగ చెట్టు ఫొటో అయితే కన్నడంలో హొంగె అన్న పేరు కూడా చేర్చండి. కామన్స్‌లో ఒకే ఫొటోకు అనేక భాషల్లో క్యాప్షన్లు ఇచ్చే వీలు ఉంది కాబట్టి తెలుగు, కన్నడ, తమిళ, ఇంగ్లీషు పేర్లు నాలుగూ ఇవ్వండి. ఇరవై ఫొటోలకు ఇంత శ్రద్ధగా రాస్తే, రెండువేల ఫొటోలను ఊరికే ఎక్కించిన దానికన్నా ఎక్కువ ఫలితం ఉంటుంది. ఈ మాట నేను చాలా గట్టిగా నమ్ముతాను.

ఫొటోకు పుట్టిల్లు మీ సైటే కావాలి. అంటే బయట ఎక్కడైనా పెట్టకముందే, అదే ఫొటో మీ సైటులో, ఆ చెట్టుకు సంబంధించిన పేజీలో, సంబంధిత పేరా పక్కనే ఉండాలి. ఫొటోలన్నిటినీ ఒక గ్యాలరీలో కుప్పపోస్తే గూగుల్‌కు ఏది దేని గురించో అర్థం కాదు, ఎందుకంటే అది చిత్రాన్ని అర్థం చేసుకోవడానికి చుట్టూ ఉన్న వచనాన్నీ, క్యాప్షన్‌నూ, ఫైలు పేరునూ, ఆల్ట్ టెక్స్ట్‌నూ ఆధారం చేసుకుంటుంది. ఆల్ట్ టెక్స్ట్ అన్నది చూపులేనివారికి స్క్రీన్ రీడర్ చదివి వినిపించే వాక్యం. దాన్ని వారిని దృష్టిలో పెట్టుకునే రాయండి, కీలకపదాలు కుక్కకండి. చిత్రం వెడల్పు కనీసం 1200 పిక్సెళ్లు ఉండేలా చూసుకోండి, ఫోనులో వెతకకుండానే వ్యాసాలు చూపించే గూగుల్ డిస్కవర్‌లో పెద్ద చిత్రంగా కనబడటానికి గూగుల్ సూచించే కొలత అదే.

మీ సైటులో "మా ఫొటోలు వాడుకోవాలంటే" అని ఒక పేజీ పెట్టండి. ఏ లైసెన్సు, క్రెడిట్ ఎలా రాయాలి, పెద్ద సైజు కావాలంటే ఎవరికి రాయాలి అన్నవి అక్కడ ఉండాలి. చిత్రానికి సంబంధించిన స్ట్రక్చర్డ్ డేటాలో (సెర్చ్ ఇంజన్లు చదువుకునేలా పేజీ కోడ్‌లో రాసే వివరాల్లో) లైసెన్సు చిరునామా, అనుమతి వివరాలు దొరికే పేజీ చిరునామా, తీసినవారి పేరు, క్రెడిట్ వాక్యం చేర్చవచ్చు. ఇవి ఉంటే గూగుల్ ఇమేజెస్‌లో మీ ఫొటో మీద లైసెన్సబుల్ అన్న గుర్తు కనబడే అవకాశం 2020 ఆగస్టు నుంచి ఉంది. వాడుక హక్కుల ప్రకారం వడపోసి వెతికేవారికి కూడా మీ ఫొటో అప్పుడే దొరుకుతుంది. ఇవే వివరాలను ఫైలులోపలి ఐపీటీసీ గడుల్లో, అంటే తీసినవారి పేరు, హక్కుల వంటి వివరాలను ఫొటో ఫైలులోనే దాచే చోట్లలో, కూడా నింపండి. లైట్‌రూమ్ అనే ఫొటో సాఫ్ట్‌వేరులో గానీ, ఉచితంగా దొరికే డిజికామ్‌లో గానీ ఒకేసారి వందల ఫొటోలకు నింపవచ్చు. చాలా సోషల్ మీడియా సైట్లు ఈ వివరాలను తుడిచేస్తాయి, అయినా మిగిలిన చోట్ల అవి ఫొటోతోపాటే ప్రయాణిస్తాయి.

లైసెన్సు విషయంలో నా సలహా సీసీ బై 4.0. తమ కృతులను ఇతరులు వాడుకోవడానికి ముందుగానే అనుమతి ఇచ్చే క్రియేటివ్ కామన్స్ (సీసీ) వారి లైసెన్సులు 2002 నుంచి వాడుకలో ఉన్నాయి, 4.0 రూపం 2013లో వచ్చింది. సీసీ బై కింద ఎవరైనా, వ్యాపారానికైనా సరే, ఫొటోను వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. పేరు వేయాలి, లైసెన్సు పేర్కొనాలి, మార్పులు చేస్తే చెప్పాలి, మీరు మూలం చిరునామా ఇచ్చి ఉంటే వీలైనంతవరకు ఆ లింకు కూడా ఇవ్వాలి. మీకు కావలసింది సరిగ్గా ఈ చివరి షరతే. సీసీ బై-ఎస్‌ఏ అయితే ఫొటోను మార్చి ప్రచురించేవారు తమ మార్పును కూడా అదే లైసెన్సుతో ఇవ్వాలి. అది మంచి లైసెన్సే గానీ, కొందరు సంపాదకులు ఆ నిబంధన చూసి వెనక్కి తగ్గుతారు.

వాణిజ్యేతర వాడకానికి మాత్రమే అనే ఎన్‌సీ నిబంధన పెట్టాలని చాలామందికి మొదట అనిపిస్తుంది, అది సహజమే. కానీ ప్రకటనలు వేసే ప్రతి పత్రికా సైటూ తనది వాణిజ్యం కిందికి వస్తుందేమోనని జంకి మీ ఫొటోను వదిలేస్తుంది. పైగా వికీమీడియా కామన్స్ ఎన్‌సీ, ఎన్‌డీ (మార్చి పంచుకోకూడదనే) నిబంధనలున్న ఫొటోలను అసలు స్వీకరించదు. లింకులే లక్ష్యమైతే ఎన్‌సీ పెట్టడం తలుపు తీసి గొళ్లెం వేయడమే అవుతుంది.

రెండు హెచ్చరికలు కూడా చెప్పాలి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఒకసారి ఇస్తే వెనక్కి తీసుకోలేరు. మీరు ఫొటోను తీసేసినా, అప్పటికే తీసుకున్నవారి హక్కు అలాగే ఉంటుంది. అలాగే చిన్న సైజు మాత్రం ఉచితం, పెద్ద సైజు అమ్ముకుంటాను అనుకునేవారు జాగ్రత్తపడాలి, ఎందుకంటే రెండూ చట్టం దృష్టిలో ఒకే కృతి అయితే లైసెన్సు రెండింటికీ వర్తించవచ్చునని క్రియేటివ్ కామన్స్ వారే చెబుతారు. కాబట్టి క్యాలెండరుకో, పుస్తకానికో అమ్మదలచుకున్న ఫొటోలను వేరుగా ఉంచుకుని, మిగిలినవాటిని మనస్ఫూర్తిగా పంచండి.

ఇక ఎక్కడ పెట్టాలన్నది. నా లెక్కలో మొదటి స్థానం 2004లో మొదలైన వికీమీడియా కామన్స్‌దే. అక్కడ ఉన్న ఫొటోను ఏ భాష వికీపీడియాలోనైనా వాడవచ్చు, ఆ తరువాత దాన్ని పత్రికలు, పాఠ్యపుస్తకాలు, యాప్‌లు తీసుకుంటాయి. ఎక్కించేటప్పుడు రచయిత స్థానంలో మీ పేరుతోపాటు మీ సైటు పేరు, ఆ చెట్టు పేజీ చిరునామా కూడా వచ్చేలా క్రెడిట్ వాక్యాన్ని నిర్దేశించండి; లేకపోతే వాడుకున్నవారు "వికీమీడియా కామన్స్" అని వేసి ఊరుకుంటారు, లింకు కామన్స్‌కే పోతుంది. మీ సైటులో అదే ఫొటో ముందుగా ఉండి, లైసెన్సు ప్రస్తావన లేకపోతే, ఎవరో మీ సైటు నుంచి దొంగిలించి ఎక్కించారని భావించి కామన్స్ నిర్వాహకులు దాన్ని తొలగించే ప్రమాదం ఉంది. అందుకే లైసెన్సు వాక్యం ముందు మీ పేజీలో ఉండాలన్నాను. అప్పటికీ అనుమానం వస్తే, మీ సైటు పేరుతో ఉన్న ఈమెయిలు నుంచి వారి అనుమతుల బృందానికి రాస్తే సరిపోతుంది.

ఒక్కటి మాత్రం చేయకండి. వికీపీడియా వ్యాసాల్లోకి వెళ్లి బయటి లింకుల కింద మీ సైటును మీరే చేర్చుకోవద్దు. దాన్ని స్పామ్‌గా తొలగిస్తారు, పదేపదే చేస్తే మీ చిరునామా నిషేధ జాబితాలోకి చేరుతుంది. ఆ మచ్చ పోగొట్టుకోవడం చాలా కష్టం. ఫొటో లేని వ్యాసానికి మంచి ఫొటో చేర్చడం మాత్రం ఎవరూ తప్పుపట్టని పని. తెలుగు వికీపీడియాలో చెట్ల వ్యాసాలు ఒక్కసారి తిరగేయండి. బెరడు, కాయ, మొలక వంటి ఫొటోలు లేని వ్యాసాలు మీకే కనబడతాయి. మన భాషలో పిల్లలు చదువుకునే పేజీకి మీ ఫొటో చేరడం లింకు వచ్చినా రాకపోయినా చేయదగిన పని అని నా అభిప్రాయం.

ఫ్లికర్ రెండో స్థానం. 2018లో దాన్ని స్మగ్‌మగ్ సంస్థ కొన్న తరువాత ఉచిత ఖాతాకు వెయ్యి ఫొటోల పరిమితి పెట్టింది. మీకు అది చాలు, ఏరి కోరి పెడతారు కాబట్టి. ఉచిత లైసెన్సుతో ఉన్న ఫ్లికర్ ఫొటోలు, అలాంటి ఫొటోలనే వెతికిపెట్టే ఓపెన్‌వర్స్ అనే సైటులో వస్తాయి, వర్డ్‌ప్రెస్‌లో రాసేవారు తమ ఎడిటర్‌లోంచే ఓపెన్‌వర్స్ ఫొటోలను నేరుగా చేర్చుకోగలరు. లోపమేమిటంటే అలా చేర్చుకున్నప్పుడు లింకు ఫ్లికర్ పేజీకే వెళ్తుంది. అందుకని ఫ్లికర్ వివరణలో మొదటి వరుసలోనే "వాడుకునేటప్పుడు ఈ విధంగా క్రెడిట్ ఇవ్వండి" అని మీ పేజీ చిరునామాతో సహా రాసిపెట్టండి. అందరూ పాటించరు, శ్రద్ధగలవారు పాటిస్తారు.

అన్‌స్ప్లాష్, పెక్సెల్స్, పిక్సాబే మీ పనికి రావు. వాటి లైసెన్సుల ప్రకారం పేరు వేయడం తప్పనిసరి కాదు. అక్కడ చూపులు, డౌన్‌లోడ్లు పెద్ద అంకెల్లో కనబడి ఉత్సాహాన్నిస్తాయి గానీ, లింకుల లెక్కలో మిగిలేది చాలా తక్కువ. ఇన్‌స్టాగ్రామ్ మీ నడకలకు మనుషులను తెస్తుంది, దానికోసం వాడండి. క్యాప్షన్‌లో రాసిన చిరునామా నొక్కితే తెరుచుకోదు కాబట్టి లింకుల ఆశ పెట్టుకోకండి. చెట్ల ఫొటోలను ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో పరిశీలనలుగా నమోదు చేయడం మంచిది. దాన్ని వాడేది శాస్త్రవేత్తలూ ప్రకృతి ప్రేమికులూ, రేపు మీ పేజీని ఉటంకించే స్థాయి ఉన్నవారు వారే.

వాటర్‌మార్కు వద్దు. కామన్స్ దాన్ని నిరుత్సాహపరుస్తుంది, పత్రికలు అలాంటి ఫొటోను పక్కన పెడతాయి, దొంగిలించేవాడు ఆ మూలను కత్తిరించి పడేస్తాడు. అంటే నిజాయతీపరులను మాత్రమే అది దూరం చేస్తుంది.

ఇప్పుడు మీ చివరి ప్రశ్న, పేరు వేయకుండా వాడుకున్నవారి గురించి. నిజానికి లింకులు ఎక్కువగా దొరికేది ఇక్కడే. ఫొటోను ఇచ్చి అది ఎక్కడెక్కడ ఉందో వెతికే గూగుల్ లెన్స్‌లో గానీ, టిన్‌ఐలో గానీ మీ ముఖ్యమైన ఫొటోలను నెలకోసారి వెతకండి. క్రెడిట్ లేకుండా కనబడిన చోట కోపంతో రాయకండి, ఎక్కువమంది తెలియక చేసినవారే. ఉత్తరం ఈ తీరులో ఉంటే చాలు: "నమస్కారం. టాబెబుయా పూత మీద మీరు ప్రచురించిన వ్యాసం చదివాను, వివరాలు చాలా బాగున్నాయి. అందులోని రెండో ఫొటో నేను తీసినది. దాన్ని సీసీ బై 4.0 లైసెన్సుతో అందరికీ అందుబాటులో ఉంచాను కనుక మీరు వాడుకున్నందుకు సంతోషం. లైసెన్సు ప్రకారం ఉండవలసిన క్రెడిట్ వరుసను కింద ఇస్తున్నాను, ఫొటో కింద చేర్చవలసిందిగా మనవి. ఇదే చెట్టు బెరడు, కాయ ఫొటోలు కూడా ఉన్నాయి, అవసరమైతే పంపగలను." దాని కింద ఫొటో పేరు, మీ పేరు, పేజీ లింకు, లైసెన్సు లింకు ఉన్న వరుసను నేరుగా అతికించుకునేలా ఇవ్వండి. చివరి వాక్యాన్ని తీసేయకండి. ఇంకో ఫొటో కావాలని తిరిగి రాసిన సంపాదకుడు ఆ తరువాత తానే మిమ్మల్ని అడుగుతూ ఉంటాడు, అలాంటి పరిచయం ఒక లింకు కన్నా చాలా గొప్పది.

4.0 లైసెన్సులో మరో మంచి నిబంధన ఉంది. షరతు తప్పినవారు, ఆ సంగతి తెలిసిన 30 రోజుల్లోగా సరిదిద్దుకుంటే, వారి అనుమతి దానంతటదే పునరుద్ధరింపబడుతుంది. కాబట్టి మొదటి ఉత్తరంలోనే నష్టపరిహారం మాట ఎత్తవద్దు. ఉచితంగా పంచినట్టు కనబడి, చిన్న పొరపాటు దొరకగానే డబ్బు గుంజే పద్ధతి ఒకటి ప్రపంచంలో ఉంది. అది ఉచితంగా పంచుకునే సంప్రదాయానికే చేటు.

అలాగే క్రెడిట్ అడగండి గానీ, ఫలానా పదాల మీదే లింకు వేయాలని, నోఫాలో పెట్టకూడదని షరతు పెట్టవద్దు. ఎదుటివారికి నోఫాలో పెట్టుకునే స్వేచ్ఛ ఇవ్వకుండా ఒప్పందంలో భాగంగా లింకును తప్పనిసరి చేయడాన్ని గూగుల్ తన స్పామ్ నిబంధనల్లో పేర్కొంది. "బెంగళూరు ఉత్తమ చెట్ల నడకలు" అని పది సైట్లలో ఒకే మాట మీద లింకులు కనబడితే చూసేవారికీ అనుమానం కలుగుతుంది. మీ సైటు పేరు మీదో, ఫొటో పేరు మీదో వచ్చే లింకే సహజంగా ఉంటుంది.

హక్కుల విషయంలో కొన్ని జాగ్రత్తలు మీ పనికి నేరుగా సంబంధించినవి. మన కాపీరైటు చట్టం 1957 ప్రకారం ఫొటో తీసినవారే దాని రచయిత. నడకలకు వచ్చినవారు తీసి వాట్సాప్‌లో మీకు పంపిన ఫొటోలు మీవి కావు. వాటికి లైసెన్సు ఇవ్వాలంటే వారి రాతపూర్వక అనుమతి కావాలి. అదే చట్టంలోని 52వ సెక్షను కట్టడాలను, బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న శిల్పాలను ఫొటో తీసి ప్రచురించుకోనిస్తుంది, కాబట్టి పాత ఇళ్ల ఫొటోలకు ఆ ఇబ్బంది లేదు. గోడల మీద వేసిన చిత్రాలకు ఆ వెసులుబాటు వర్తించదు. చర్చి స్ట్రీట్ గోడ చిత్రాన్ని ఫ్రేము నిండా తీసి సీసీ లైసెన్సుతో పెడితే, ఆ చిత్రకారుడి హక్కును మీరు దానం చేసినట్టు అవుతుంది.

మనుషుల ముఖాలు మరో విషయం. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు మీ కాపీరైటుకు మాత్రమే సంబంధించినది, ఫొటోలో ఉన్న మనిషి సమ్మతిని అది ఇవ్వదు. కె.ఆర్. మార్కెట్‌లో పూలు కట్టే అమ్మను దగ్గరగా తీసిన ఫొటోను మీరు సీసీ బైతో పెడితే, రేపు ఏదో ప్రకటనలో ఆమె ముఖం కనబడవచ్చు. అలాంటివి అడిగి తీసుకోండి, పంచేటప్పుడు వదిలేయండి. నడకలకు వచ్చే పిల్లల ఫొటోలను అసలు పంచకండి.

చెట్ల మీద ఉండే ప్రాణుల గురించి కూడా ఒక మాట. బెంగళూరులో ఇంకా దేవాంగపిల్లులు ఉన్న తావులు కొన్ని ఉన్నాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ప్రాణి అది. దాని ఫొటోను గానీ, గుడ్లగూబ గూడు ఫొటోను గానీ పంచేముందు ఫైలులోని జీపీఎస్ వివరాలు తప్పకుండా తీసేయండి, క్యాప్షన్‌లో వీధి పేరు రాయకండి. చెట్టుకైతే కచ్చితమైన స్థలం చెప్పడం మేలు చేస్తుంది, ఈ ప్రాణులకు మాత్రం హాని చేస్తుంది.

ఫలితం తెలుసుకోవడానికి, సైటు నడిపేవారికి గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే సాధనంలో వెతుకులాట రకాన్ని ఇమేజ్ అని మార్చి, ఏ మాటలకు మీ చిత్రాలు కనబడుతున్నాయో చూడండి. అదే చోట లింకుల నివేదికలో కొత్తగా చేరిన సైట్లు కనబడతాయి. మొదటి కొద్ది నెలల్లో పెద్దగా కదలిక ఉండదు. వికీపీడియా వ్యాసంలో స్థిరపడిన ఫొటోను ఇతరులు తీసుకోవడానికి ఒక్కోసారి ఏడాది పడుతుంది, పూత కాలం మళ్లీ వచ్చినప్పుడే పత్రికలకు అవసరం కలుగుతుంది కదా. ఆ లోపు ఫొటోల సంఖ్య పెంచడం మీద కాక, పేజీలను నింపడం మీద సమయం పెట్టండి.

నిద్రగన్నేరుతో మొదలుపెట్టమంటాను. బెంగళూరు వీధుల్లో అంతగా కనబడే చెట్టు కాబట్టి వెతికేవారికి కొదవ ఉండదు, బెరడు, ఆకు, పువ్వు, కాయ, గింజ, మొలక అన్నిటి ఫొటోలూ మీ దగ్గర ఉండే ఉంటాయి. ఆ ఒక్క పేజీని పూర్తిగా అమర్చి, లైసెన్సు వాక్యం పెట్టి, ఆరు ఫొటోలను కామన్స్‌లో ఎక్కించిన తరువాత చిరునామా ఇక్కడ ఇవ్వండి. ఆల్ట్ టెక్స్ట్, క్రెడిట్ వరుస, స్ట్రక్చర్డ్ డేటా మూడూ చూసి, సరిచేయవలసినవి ఉంటే రాస్తాను.